రెండో రంగు ఖరీదు

సాహిత్య చరిత్ర రాసేవాళ్లు కవి పేరు రాస్తారు, ముద్రణ సంవత్సరం రాస్తారు. పుస్తకం అట్ట మీదికి ఎరుపు ఎలా వచ్చిందో, అందుకు ఎవరి చేతులు ఎన్నిసార్లు ఆడాయో రాయరు. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ సంపుటాలు 'ఎర్ర పావురాలు' (1978), 'రక్తరేఖ' (1985) పేర్లలోనే రంగు ఉంది. కవికి ఎరుపు ప్రతీక కావచ్చు. ఆ రోజుల్లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పుస్తకం అచ్చు వేయించుకునేవాడికి మాత్రం అది ముందుగా ఒక ఖర్చు.

ట్రెడిల్ మీద ఒకసారికి ఒకే రంగు పడుతుంది. రెండు రంగుల అట్ట వెయ్యి కాపీలంటే కాగితాన్ని రెండు వేలసార్లు చేత్తో పెట్టి తీయాలి. ముందు ఎరుపు వేసి, రోలర్లు కడిగి, తర్వాత నలుపు వేసేవాళ్లు. నలుపు ముందు వేస్తే, ఎంత కడిగినా మిగిలిన మసి ఎరుపును మురికి చేస్తుంది. ఇంకును రాతి పలక మీద కత్తితో కలిపి, అదే కాగితం ముక్క మీద వేలితో రాసి చూసేవాళ్లు. కాగితాన్ని బట్టి రంగు మారుతుందని వాళ్లకు తెలుసు. 1942 నుంచి కాగితం తీస్తున్న కాగజ్‌నగర్ సిర్పూరు మిల్లు మనకు దగ్గరే. పూత లేని మామూలు తెల్లకాగితం ఇంకును పీల్చుకుంటుంది, ఎరుపు చప్పబడుతుంది. అదే ఇంకు నున్నటి ఆర్ట్ పేపరు మీద మెరుస్తుంది. 1963లో అమెరికాలో పాంటోన్ కంపెనీ రంగులకు నంబర్లు పెట్టింది. ఆ కంపెనీ కూడా పూత ఉన్న కాగితానికీ లేనిదానికీ వేర్వేరు నమూనాలు చూపవలసి వచ్చింది.

ఇలా ముందే కలిపిన ఇంకును ఇప్పుడు స్పాట్ కలర్ అంటున్నాం. నాలుగు రంగుల అచ్చులో ఎరుపు విడిగా ఉండదు. మెజంటా, పసుపు చుక్కలు పక్కపక్కన పడి కన్నును నమ్మిస్తాయి. సిరిసిల్ల నేతగాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అద్దకం వేసిన నూలుతో నేసిన ఎర్రంచు వేరు, పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేస్తే దూరానికి మూడో రంగుగా కనిపించే బట్ట వేరు. సన్నని అక్షరాన్ని రెండు ప్లేట్ల మీద నిలబెడితే, ఒకటి వెంట్రుకవాసి జరిగినా అంచు చెదురుతుంది. శుభలేఖ మీది బంగారు రంగయితే నాలుగింటినీ ఎంత కలిపినా రానే రాదు.

కంప్యూటర్లు వచ్చాక రంగు ఎంచేవాడు రోలరుకు దూరమయ్యాడు. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. తెర మీద ఎరుపును చూసి పని అయిపోయిందనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. తొంభైల్లో ఒక చిన్న సంపుటికి అట్ట నేనే తయారుచేసి, హైదరాబాదులో ఫిల్ములు తీయించుకొని కరీంనగర్‌లో ఒక ప్రెస్సుకు వెళ్లాను. మిషన్‌మన్ ఫిల్ములు వెలుతురుకు పట్టి, "రెండు ఎరుపులున్నయా సార్?" అన్నాడు. శీర్షికలో ఆ రంగుకు ఒక పేరు, కింది గీతలో మరో పేరు పెట్టాను. తెర మీద రెండూ ఒకటే. ఫిల్ములు మాత్రం మూడు వచ్చాయి. మా దగ్గర రెండు ప్లేట్లకే డబ్బుంది.

ఇంకో తప్పు కూడా ఆయనే చూపించాడు. ఎరుపు మీద నల్ల అక్షరాలున్న చోట, ఎరుపులో అదే ఆకారంలో ఖాళీ వదిలి ఉంది. కాగితం కొంచెం కదిలితే అక్షరం చుట్టూ తెల్లగీత తేలుతుంది. "నలుపు ఎరుపు మీద పడాలె సార్, పక్కన కాదు," అన్నాడు. ప్లేట్లు విడివిడిగా తీసి లెక్కపెట్టి చూసుకుంటే రెండూ హైదరాబాదులోనే దొరికేవి. మళ్లీ బస్సెక్కాను. రంగుకు ఒకే పేరు పెట్టి, నలుపును ఎరుపు మీదికి తెచ్చి, రెండే ఫిల్ములతో తిరిగొచ్చాను.

పుస్తకం వెనక ప్రెస్సు పేరు ఉంది. ఆనాటి 1867 చట్టం ప్రకారం ఉండి తీరాలి. మిషన్‌మన్ పేరు లేదు. అడగాలని అప్పుడు నాకు తోచలేదు.