చప్పుడు చేయని గడియ

తిరుమల శ్రీవారి ఆలయంలో మాడవీధి నుంచి గర్భాలయం దాకా మూడు పెద్ద వాకిళ్లు దాటాలి. మొదటిది పడికావలి అని పిలిచే మహాద్వారం, తర్వాత వెండివాకిలి, ఆపైన బంగారువాకిలి. క్యూలో కదిలిపోయే భక్తుడి కంటికి ఆనేది మూడో వాకిలి మీది బంగారు రేకు, ఇరుపక్కలా నిలిచిన జయవిజయులు. రాత్రి ఆ రెక్కలను పట్టి ఉంచేది మాత్రం లోపలి వైపున్న గడియ. దాన్ని బయట నుంచి తీసే సాధనం పేరు కుంచెకోల. అది కొన వంచిన ఇనుప పరికరం. బయటి తాళాలు బయట ఉండనే ఉన్నాయి. అయినా ఇంత ఐశ్వర్యం ఉన్న గుడికి ఇంత సాదా గడియ ఏమిటని అనుమానం వస్తుంది. ఆ సాదాతనంలో లోపం లేదనీ, మన పాత పనివాళ్లు గడియ గురించి చక్కగా ఆలోచించారనడానికి అదే సాక్ష్యమనీ నా వాదం. మూసిన తలుపు కదలకూడదు, చప్పుడు చేయకూడదు. తెరిచే తలుపు మాత్రం నలుగురికీ తెలిసేలా తెరుచుకోవాలి. భద్రత అంతా ఈ రెంటి మధ్య తేడాలోనే ఉంది.

ముందు తెరిచే తీరు చూద్దాం. రాత్రి ఏకాంతసేవ ముగిసి గుడి మూసేశాక అర్చకులు తాళంచెవులనూ కుంచెకోలనూ బలిపీఠం దగ్గర ఈశాన్య మూలనున్న క్షేత్రపాలక శిలకు తాకించి ఇంటికి తీసుకువెళతారు. తెల్లవారుజామున సన్నిధిగొల్ల దివిటీ పట్టుకుని అర్చకుల ఇంటికి వెళ్లి, వెలుగు చూపుతూ వారిని గుడికి తీసుకొస్తాడు. తాళంచెవులూ కుంచెకోలా మళ్లీ అదే శిలను తాకుతాయి. ఆ తర్వాతే బంగారువాకిలి దగ్గరికి చేరతారు. తాళాలు తీశాక, తలుపుకున్న చిన్న రంధ్రంలోంచి కుంచెకోలను లోపలికి పోనిచ్చి, వంపు తిరిగిన కొనతో గడియను తప్పిస్తారు. కడ్డీ కొన లోపల ఎక్కడ తగులుతోందో కంటికి కనబడదు, చేతికి తెలియాలి. మొదట లోపలికి అడుగుపెట్టేది సన్నిధిగొల్ల. ఆ వెంటనే తలుపులు దగ్గరగా వేస్తారు. బయట ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించిన సుప్రభాతం మొదలవుతుంది, లోపల తాళ్లపాక వంశీకుల మేలుకొలుపు వినిపిస్తుంది. జీయంగారు లేదా వారి తరఫున ఏకాంగి, ఆలయ అధికారులు, వేదపండితులు, సేవకు వచ్చిన భక్తులు అందరూ అక్కడే ఉంటారు. ఒక్క గడియ తీయడానికి ఇంతమంది కళ్లు, చెవులు కావాలి. రహస్యంగా తెరవడానికి ఈ ఏర్పాటులో చోటే లేదు.

వంపు కడ్డీతో లోపలి గడియను తీసే పద్ధతి ఒక్క తిరుమలది కాదు. హోమర్ ఒడిస్సీ కావ్యం ఇరవై ఒకటో భాగంలో పెనెలోపి దంతపు పిడి ఉన్న వంకర కంచు తాళంచెవితో కొట్టుగది గడియ తీస్తుంది. గ్రీకు గుళ్లలో ఇలాంటి పెద్ద తాళంచెవులు పూజారిణుల దగ్గర ఉండేవి. వాళ్ల సమాధి ఫలకాల మీద కూడా ఆ చెవినే గుర్తుగా చెక్కేవారు. ఆర్కేడియాలోని లూసోయ్‌లో ఆర్టెమిస్ ఆలయానికి చెందిన కంచు తాళంచెవి ఒకటి ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. పొడవు సుమారు 40 సెంటీమీటర్లు, క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దం నాటిది. గ్రీకులను చూసి మనవాళ్లు నేర్చుకున్నారనో, మనల్ని చూసి వాళ్లు నేర్చుకున్నారనో నేను అనడం లేదు. మందమైన చెక్క తలుపు, దాని వెనక అడ్డంగా గడియ, బయట నిలబడ్డ మనిషి. ఈ మూడూ ఉన్నచోట ఎవరికైనా తట్టే ఉపాయమిది. అక్కడా ఇక్కడా ఆ కడ్డీ దేవాలయ సేవకుల చేతిలోనే ఉండటం మాత్రం గమనించదగ్గది.

ఇందులో ఉన్న బలహీనత కూడా అంత పాతదే. ఇనుప కడ్డీ వంచడం వచ్చిన ఎవడైనా దొంగ కుంచెకోల చేసుకోవచ్చు. ప్రాచీన ఈజిప్టులో చెక్క గడియలోకి పై నుంచి చిన్న చీలలు పడేలా చేసి, పళ్లున్న చెవితో వాటిని పైకెత్తితేనే గడియ కదిలే ఏర్పాటు చేశారు. 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంటు పొందిన తాళం ఆ ఊహకు లోహరూపం. ఇప్పుడు మన జేబుల్లోని సన్నటి తాళంచెవుల్లో చాలావరకు ఆ జాతివే. మరి ఎంత చిక్కు పెంచితే అంత భద్రతా? లండన్‌లో 1851లో జరిగిన మహా ప్రదర్శన ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఎవరూ తీయలేరని దశాబ్దాలుగా పందెం కాసి దుకాణం కిటికీలో పెట్టిన బ్రామా తాళాన్ని ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 16 రోజుల్లో, మొత్తం 51 గంటలు పనిచేసి తీశాడు. ఆ తాళం చెడ్డదని దీనర్థం కాదు. ఏ దొంగకైనా ఒక వాకిలి ముందు 51 గంటలు ఎవరిస్తారు? తాళం దొంగను ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో ఎవరో ఒకరు అతన్ని గమనించాలి. 1818లోనే చబ్ సోదరులు, ఎవరైనా దొంగచెవి పెట్టి తిప్పితే ఇరుక్కుపోయి యజమానికి ఆ సంగతి తెలియజేసే తాళం చేశారు. గమనింపు లేనిదే తాళానికి విలువ లేదని వాళ్లకూ తెలుసు.

చప్పుడు ప్రసక్తి వచ్చేది ఇక్కడే. గాలి వీచిన ప్రతిసారీ టకటకమనే తలుపు కావలివాడి చెవిని మొద్దుబారుస్తుంది. పది రాత్రులు గాలికి మోగిన గడియ పదకొండో రాత్రి దొంగ చేతిలో మోగినా ఎవరూ లేవరు. నిశ్శబ్దంగా ఉండే తలుపు ఒక్కసారి కదిలితే అది వార్త. ఈ సంగతికి తిరుమలలో బరువు ఎక్కువ. సుమారు 2,800 అడుగుల ఎత్తున్న కొండ, చుట్టూ శేషాచలం అడవి, ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా ఈశాన్య రుతుపవనాల హోరు, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఇక చెప్పనక్కర్లేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడే దాకా కొండెక్కడానికి కాలిబాటలూ డోలీలే దిక్కు. అలాంటి రాత్రుల్లో కావలికి కంటికన్నా చెవే ఆధారం.

తలుపు ఎందుకు మోగుతుంది? గడియ జరగాలంటే గడియకూ, అది దూరే గూటికీ మధ్య కాస్త సందు ఉండాలి. పైగా చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. రెండడుగుల వెడల్పు రెక్క ఏడాదిలో కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది. చిత్తూరు ఎండల్లో బిగువుగా అమర్చిన గడియ కార్తీకానికి జరగనంటుంది. కార్తీకంలో అమర్చింది వైశాఖానికి వదులవుతుంది. గాలి ఆ సందులో రెక్కను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. పాత వడ్రంగులు దీనికి చెప్పిన జవాబు వాలు. గడియ కొనను కాస్త సన్నగా చెక్కి, గూటిని కూడా అదే వాలులో తొలుస్తారు. గడియ మొదట తేలిగ్గా దూరుతుంది, చివరి అంగుళంలో మాత్రం రెక్కను ద్వారబంధానికి అదుముతుంది. కాలాన్ని బట్టి ఒకప్పుడు కొంచెం ఎక్కువ దూరం పోతుంది, ఒకప్పుడు తక్కువ. బిగువు మాత్రం అంతే ఉంటుంది. పదింటికి ఒకటి వాలు చాలు. అంతకు మించి ఏటవాలుగా చెక్కితే గడియ వెనక్కి జారే ప్రమాదం ఉంది. పై నుంచి కిందికి పడే గడియ అయితే ఇంకా మేలు. గూడు వాలుగా ఉంటే గాలి రెక్కను ఊపినకొద్దీ గడియ తన బరువుతోనే ఇంకో వెంట్రుకవాసి కిందికి దిగి బిగుసుకుంటుంది. తలుపును మోగించాల్సిన గాలే దాన్ని బిగిస్తుంది. గడియ విద్యలో ఇంతకన్నా తెలివైన ఊహ నాకు కనబడలేదు. దీనికి స్ప్రింగు అక్కర్లేదు, నూనె అక్కర్లేదు.

రెక్క బరువు కూడా ఈ పనిలో పాలు పంచుకునేది. రాతి ద్వారాల్లో ఇప్పటికీ గడప దగ్గరా పై కమ్మీలోనూ గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. రెక్కకు పైనా కిందా మిగిల్చిన గుండ్రటి కొనలు వాటిలో తిరిగేవి. కింది గుంట పైదానికి సరిగ్గా నిలువున కాక కొద్దిగా పక్కకు ఉంటే, తలుపు తన బరువుకే మూతపడి నిలుస్తుంది. కోటగుమ్మాల రాతినిలువుల్లో ఒకపక్క లోతైన చదరపు బొక్క, ఎదురుగా లోతు తక్కువ బొక్క ఉంటాయి. లోతైన దానిలోకి దూలాన్ని నెట్టి దాచి, రాత్రి లాగి అడ్డం వేసేవారు. వీటన్నిటిలోనూ వాడింది అదే లెక్క: బరువు, వాలు, రాపిడి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చప్పుడు మంచిదేగా, గలగలలాడే గొలుసు గొళ్లెం ఇంటివాళ్లను హెచ్చరించదా అని. ఆ గొలుసును బయటివాళ్లు తలుపు తట్టడానికి వాడేవారన్నదీ నిజమే. కానీ ఆ చప్పుడు మనిషి చేస్తే వచ్చేది, గాలికి ఊరికే వచ్చేది కాదు. పైగా గొళ్లెం పగటి పనిది. రాత్రి పని లోపలి గడియది. దక్షిణాది గుళ్లలో అనేకచోట్ల గర్భాలయం తలుపులకు చిన్న గంటలు వరుసలుగా బిగించి ఉంటాయి. రెక్క కదిలితే అన్నీ కలిసి మోగుతాయి. లోపలి గడియ వదులుగా ఉంటే ఆ గంటలు రాత్రంతా ఊరికే మోగి, పనికిరాని అలంకారమై పోయేవి. గడియ బిగువే గంటకు అర్థం ఇచ్చింది.

ఇదంతా కేవలం ఆచారం, దానిలో ఇంజినీరింగు వెతకడం అతి అనేవారు కూడా ఉంటారు. శిలకు తాళాలు తాకించడం భక్తి అని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ భక్తి ఒక పని కూడా చేస్తోంది. రోజుకు రెండుసార్లు, ఒకే చోట, తాళాలు బయటకు రావడం, లోపలికి పోవడం నలుగురి కళ్లముందు జరుగుతోంది. గుడి మీద అధికారం ఎన్ని చేతులు మారిందో చూడండి. 1801లో ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. 1843లో హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. 1932 చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడి మరుసటి ఏడాది కమిటీ పాలన మొదలైంది. 1987 చట్టం అర్చకుల వంశపారంపర్య మిరాశీలను రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. హక్కు ఎవరిదన్న తగాదా ఇన్ని మలుపులు తిరిగినా కుంచెకోలా, దివిటీ, శిలా పోలేదు. ఉత్త అలవాటు అయితే ఏదో ఒక పాలకుడు ఖర్చనో కాలయాపననో ఎత్తేసేవాడు. తాళాన్ని ఒక్కడి చేతిలో పెట్టకూడదన్న ఇంగితం దానిలో ఉంది గనకే అందరికీ అది పనికొచ్చింది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరు. ఇంటికి సన్నిధిగొల్ల ఉండడు, ఏకాంగి ఉండడు, వాలు గడియ వల్ల ఏం ఒరుగుతుంది అని అడగవచ్చు. బయటికి వెళ్లేటప్పుడు మంచి తాళంకప్ప కావాల్సిందే. 1897లో బొంబాయిలో గోద్రెజ్ తాళాలతోనే వ్యాపారం మొదలుపెట్టింది. చేతితో చేసే దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని కాదనేవారు ఎవరూ లేరు. నేను మాట్లాడేది మనం లోపల ఉన్నప్పుడు వేసుకునే గడియ గురించి. ఇప్పటి ఆల్‌డ్రాపు, టవర్ బోల్టు ఫ్యాక్టరీలో ఏ తలుపుకైనా పట్టేలా తయారవుతాయి. అందుకే గుండ్రటి కడ్డీకి కావలసినదానికన్నా పెద్ద బొక్క ఇస్తారు. వడ్రంగి చెక్కిన గడియ ఒకే తలుపుకు పుట్టింది. గాలివాన రాత్రి బోల్టు మోగితే మడత పెట్టిన కాగితమో, గుడ్డపేలికో తలుపు సందులో దూర్చడం ఇంటింటా జరిగేదే. ఆ గుడ్డపేలిక చేసే పని వాలు చేసేదే, కాకపోతే పొద్దున్నే ఊడి కింద పడుతుంది. బోల్టు దూరే క్లిప్పును రెండు స్క్రూల మీద కాస్త లోపలికి జరిపి, దాని నోటిని ఆకురాయితో వాలుగా రుద్దితే కాగితం అక్కర్లేదు. అరగంట పని.

కొండ మీద పాత ఇళ్లు ఇప్పుడు దాదాపు లేవు. మాడవీధుల విస్తరణలో ఇళ్లు పోయాయి, 2003లో వేయికాళ్ల మండపమే పోయింది. తిరుపతి, చంద్రగిరి, కార్వేటినగరం, శ్రీకాళహస్తి పాతవీధుల్లో ఇంకా కొన్ని మిద్దెలు మిగిలాయి. అవి కూల్చినప్పుడు చెక్కుడు పని ఉన్న రెక్కలను పాత కలప వ్యాపారులు మంచి ధరకు కొంటారు. గడియా, దాని గూడూ మాత్రం పొయ్యిలోకి పోతాయి. తిరుమలలోని శ్రీ వేంకటేశ్వర మ్యూజియం విగ్రహాలతో పాటు ఈ చెక్క గడియలను కూడా, తీసి వేసి చూసేలా అమర్చి ప్రదర్శిస్తే బాగుంటుంది. మీ ఊళ్లో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే, రెక్క అమ్మేలోపు దాని గడియను గూటితో సహా కోయించి పక్కన పెట్టించండి.