ఖాతాదారుడు గెలుచుకొన్న ఫోను

కైకలూరు ప్రాంతమున చేపల చెరువులు సాగుచేయుచున్న మా అన్నగారు ఫోనులో మాటలాడినప్పుడెల్ల అమెరికాలో నున్న నన్నొక ప్రశ్న అడుగుచుందురు: "అక్కడ సెల్ కంపెనీలు జనం మాట వింటాయంట కదరా తమ్ముడూ, మనకే ఎందుకిలాగ?" తెల్లవారుజామున వల లాగిన వెంటనే హౌరా మార్కెట్టు ధర తెలిసికొనుటకును, ఐసుకును లారీకిని కూలీలకును కబురంపుటకును ఫోనే ఆధారమైన ఆయనకు సిగ్నలు లేని గంట నష్టము తెచ్చు గంటయే, కనుక ఆ ప్రశ్న వట్టి కుతూహలమువలన పుట్టినది కాదు. నాకు తోచిన సమాధానమిది: ఇక్కడి కంపెనీలు వినుట తమంత తాము నేర్చినవి కావు, నూరేండ్లకు పైబడిన కాలములో కోర్టులును, చట్టసభయును, పట్టు విడువని కొందరు సామాన్యులును వానిని వినునట్లు చేసిరి. ఆ చరిత్రను మా కొల్లేటి పాఠకులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంటు పొందినది మొదలు, 1893, 1894 సంవత్సరములలో ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరువరకును, ఈ దేశమున టెలిఫోను బెల్ కంపెనీ సొత్తుగా నుండెను. గడువు తీరినదే తడవుగా వేలకొలది స్వతంత్ర కంపెనీలు పుట్టినవి. కాని ఒక కంపెనీ తీగనుండి వేరొక కంపెనీ తీగకు మాట పోవు వీలు లేనందున, పెక్కు పట్టణములలో వర్తకుడు తన బల్లపై రెండు ఫోనులుంచుకొని రెండు బిల్లులు చెల్లించుచుండెను. సిగ్నలు కొరకు రెండు సిమ్ములు పెట్టుకొని తిరుగు మన చేపల వ్యాపారులకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. 1885లో బెల్ వ్యవస్థలో భాగముగా స్థాపితమైన ఏటీ అండ్ టీ, థియొడోర్ వెయిల్ అధ్యక్షతన చిన్న కంపెనీలను కొనివేయుచు, తన దూరప్రాంతపు తీగలను పరులకు నిరాకరించుచు పెరిగెను. ప్రభుత్వము గుత్తాధిపత్య నిరోధక చట్టమును చూపి ఒత్తిడి చేయగా, 1913లో కింగ్స్‌బరీ ఒప్పందమను పేర, ఇతరులకును ఆ తీగలపై దారి యిత్తునని మాట యిచ్చెను. అయినను బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతయు కొల్లేటినుండి కడలికి పోవుటకు ఉప్పుటేరే త్రోవయైనట్లు, ఎవరి మాటయైనను గమ్యము చేరుటకు చాలవరకు ఆ సంస్థ తీగలే త్రోవ. ఆ మొగను పట్టుకొన్నవారే షరతులు విధింతురు.

1934లో ఎఫ్‌సీసీ అను నియంత్రణ సంఘ మేర్పడిన పిదపను ఆ షరతులెట్లుండెనో చూడుడు. ఇంటిలోని ఫోను ఇంటివాని సొత్తు కాదు. కంపెనీకి నెలనెల అద్దె చెల్లించి వాడుకొనవలెను, దానికి పరుల పరికరమేదియు తగిలింపరాదు. పక్కవారికి మాట వినబడకుండుటకై రిసీవరు నోటికి తొడుగు హష్-ఎ-ఫోన్ అను చిన్న తొడుగును సైతము కంపెనీ నిషేధించెను. దానిని అమ్మువారు పోరాడి 1956లో అప్పీలు కోర్టులో గెలిచిరి.

అంతకన్న గొప్ప పోరాటము నేను నివసించు డాలసు నగరమందే పుట్టినది. టెక్సాసు చమురు బావులయొద్ద పనివాని చేతిలో రేడియో ఉండును, పట్నములోని కార్యాలయమున ఫోనుండును, రెంటికిని పొత్తు లేదు. థామస్ కార్టర్ అను ఆయన ఒక చిన్న పెట్టె చేసెను. ఫోను రిసీవరును ఆ పెట్టెపైగల గుంటలలో బోర్లించిన చాలును. అవతలివాడు పలుకగనే రేడియో తనంత ప్రసారము మొదలిడును, మాట ఆగగనే పనివాని సమాధానము వినిపించును. తీగకు తీగ కలిపినది లేదు, విద్యుత్సంబంధమును లేదు. 1959 నుండి 1966 వరకు అట్టి పెట్టెలు సుమారు 3,500 అమ్ముడుపోయినవి. వాడువారికి శిక్ష తప్పదని ఏటీ అండ్ టీ హెచ్చరింపగా, కార్టర్ ఆ మహాసంస్థపై దావా వేసెను. 1968లో ఎఫ్‌సీసీ ఆయన పక్షమున తీర్పు చెప్పెను: వ్యవస్థకు హాని చేయని పరికరమును తగిలించుకొను స్వేచ్ఛ ఖాతాదారునిది. ఫ్యాక్సు, మోడెము, ఆన్సరింగు యంత్రము ఇంటింట ప్రవేశించుటకు ద్వారము తెరచినది ఈ తీర్పే.

ఆ మరుసటి యేడు చికాగో, సెయింట్ లూయిస్ నగరముల నడుమ మైక్రోవేవు మార్గము నడుపుకొనుటకు ఎంసీఐ అను చిన్న కంపెనీకి అనుమతి లభించెను. 1974లో ప్రభుత్వమే ఏటీ అండ్ టీపై దావా వేసెను. 1982లో రాజీ కుదిరెను. న్యాయమూర్తి హెరాల్డ్ గ్రీన్ పర్యవేక్షణలో 1984 జనవరి 1న ఆ మహావృక్షమునుండి ఏడు ప్రాంతీయ సంస్థలు విడివడినవి.

సెల్‌ఫోను సేవ 1983 అక్టోబరులో చికాగో నగరమున వాణిజ్యముగా ప్రారంభమాయెను. ఒక్కొక్క ప్రాంతమునకు రెండేసి లైసెన్సులు మాత్రమే. కనుక పోటీ స్వల్పము. సెల్ నంబరు ఇంటి నంబరువలెనే కనబడుటచే పిలుచువానికి ఖర్చు తెలియదను కారణమున, వచ్చిన పిలుపునకును ఖాతాదారుడే చెల్లించెడివాడు. మన దేశమునను 2003 వరకు ఇట్టి భారముండెనని పెద్దలు మరువలేదు. ఆపై రెండేండ్ల ఒప్పందము, నడుమ విడిచిపోయినచో జరిమానా. అన్నిటికన్న గట్టి సంకెల నంబరే. కొనుగోలుదారుల పుస్తకములలోను లారీ తలుపుపైనను వ్రాయబడిన నంబరు మారినచో బేరమే పోవునని ఎరిగిన వర్తకుడు, ఎంత విసిగినను కంపెనీ మారజాలడు. 1996 నాటి చట్టము నంబరును వెంట తీసికొనిపోవు హక్కును ప్రసాదించినను, సెల్ కంపెనీలు వాయిదాలు సాధించి, కోర్టుకెక్కి, ఓడిన పిదపనే 2003 నవంబరు 24న అది అమలునకు వచ్చెను. బాకీ యున్నను నంబరును ఆపరాదు. బాకీని వేరుగా వసూలు చేసికొనవలసినదే. మనకీ హక్కు 2011 జనవరి 20న దేశమంతటను లభించినది గాని, పోస్టుపెయిడు బాకీ తీరినగాని నంబరు కదలదు.

ఒక కంపెనీ సిమ్ముతో తప్ప పనిచేయనీయని ఫోను తాళముల కథయు నిట్టిదే. 2013 జనవరిలో, కంపెనీ అనుమతి లేక కొత్త ఫోను తాళము తీయుట కాపీరైటు నేరమాయెను. లక్షమందికి పైగా పౌరులు సంతకములు చేసిన విన్నపము వైట్‌హౌసును చేరెను. 2014 ఆగస్టు 1న తాళము తీయు హక్కు చట్టమాయెను. నేను వెల పూర్తిగా చెల్లించిన ఫోనులో ఏలూరులో కొన్న సిమ్ము పనిచేయలేదు; అమ్మిన సంస్థ నన్ను ఒక విభాగమునుండి వేరొక విభాగమునకు త్రిప్పెను. రుసుము లేకుండ ఎఫ్‌సీసీకి ఫిర్యాదు వ్రాసితిని. దానికి కంపెనీ 30 దినములలో జవాబీయవలెను. జవాబును వచ్చెను, తాళమును ఊడెను.

అయినను గెలిచిన హక్కు కావలి లేనిచో నిలువదు. ఏటీ అండ్ టీనుండి విడివడిన ముక్కలు మరల కలిసినవి: 2005లో ఆ ముక్కలలో నొకటి తల్లి కంపెనీని కొని దాని పేరే ధరించెను. 2020లో టీ-మొబైల్, స్ప్రింట్ ఏకమై దేశవ్యాప్తమైన పెద్ద కంపెనీలు మూడే మిగిలినవి. మన దేశమునను ప్రైవేటు కంపెనీలు మూడును బీఎస్ఎన్ఎల్లును తప్ప వేరు దిక్కు లేదు.

కావున అన్నగారికిని, ఆయనవలె అడుగువారికెల్లను నా మనవి యిది. అధిక బిల్లు వచ్చిన అహమదాబాదు ఖాతాదారుడొకడు వినియోగదారుల ఫోరమునకు పోగా, టెలిఫోను తగవులకు ఆ ఫోరములు తగవని కంపెనీ వాదించెను. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. ఆ దారి మనకును తెరచియున్నది గనుక, కస్టమరు కేరు వారిచ్చిన ఫిర్యాదు నంబరును తేదీతో సహా వ్రాసియుంచుడు. పని జరుగనిచో ఆ కంపెనీయందే గల అప్పీలు అధికారికి వ్రాయుడు. అప్పటికిని న్యాయము దొరకనిచో ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషనుకు కాగితములతో పొండు. డాలసు కార్టర్ కేవలము తన పెట్టె కొరకు పోరాడెను. ఫలమును దేశమంతయు అనుభవించుచున్నది. మన లంక గ్రామములనుండి వెళ్లు ఒక్కొక్క ఫిర్యాదును తరువాతి ఖాతాదారునికి దారి వేయును.