విత్తని పంట : తెలుగునాట ఏరుకొని తిను కూరల చరిత్ర

మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, గ్రంథములకెక్కని ఒక విద్యను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట అప్రస్తుతము కాదని తలంచెదను. మన చరిత్రలలో రాజుల దండయాత్రలు కలవు; దేవాలయములకిచ్చిన మాన్యములు కలవు; చెఱువులు త్రవ్వించిన పుణ్యాత్ముల పేళ్లు కలవు. కాని దున్నక, విత్తక, నీరు కట్టక నేలతల్లి తనంత తానిచ్చిన పంటకు పన్ను అరుదు. కనుక శాసనమును అరుదు. గట్లమీదను, చేలలోను, పుట్టలమీదను, అడవులలోను మొలచిన ఆకును, దుంపను, పుట్టగొడుగును ఏరి తెచ్చి వండుకొనుట సేద్యముకంటెను పాత విద్య. దాని చరిత్ర మాత్రము ఒకచోట కూర్చబడక చెదరియున్నది.

ఈ ఆహారమునకు మన భాషలో రెండు పేళ్లు కలవు. మునులు తినినచో కందమూలఫలములు. పేదలు తినినచో ఆకులు అలములు. మొదటి మాటలో గౌరవము, రెండవ మాటలో జాలియు, కొంత చులకనయు వినిపించును. వస్తువు ఇంచుమించు ఒక్కటియే. తినువారి స్థితిని బట్టి పేరు మాఱినది. ఈ చులకనయే ఈ విద్య వ్రాతకెక్కకుండుటకు ముఖ్యకారణమని నా అభిప్రాయము.

అయినను మన కవులందఱును దీనిని విస్మరింపలేదు. 1509 నుండి 1529 వఱకు విజయనగర సామ్రాజ్యము నేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించుచు, ముసురుపట్టిన దినమున పల్లెలోని రెడ్ల భోజనమును మనకు చూపెను. ఆరికల అన్నము, దానికి తోడు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతో పొరటిన కూర. అది కడుపార తిని, మేకెరువు కుంపటి ప్రక్కన మంచమెక్కి వారు సుఖించిరట! ఇందు పేర్కొన్న అయిదింటిలో మొదటి నాలుగును ఎవరును విత్తినవి కావు; వాన పడగానే చేలలోను, బీళ్లలోను తామై మొలచునవి. అయిదవది చెట్టునుండి దూసిన చిగురు. ఇక్కడ గమనింపవలసిన విశేష మొకటి కలదు. ఆ భోజనము చేసినవారు దరిద్రులు కారు. ప్రభువులవలె నిశ్చింతగా నున్న కాపులు. అనగా 16వ శతాబ్దమున కలుపుకూర కరవుతిండి గాక, ఋతువునకు తగిన భోజనముగా నుండెనన్నమాట. కావ్యములనుండి ఇట్టి వివరములను ఏరి ప్రజల చరిత్రను వ్రాయవచ్చునని సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో నిరూపించియున్నారు.

రాయలు చెప్పిన మొక్కలు నేటికిని మన చేలలో కలవు. గురుగును నేడు గునుగు అనుచున్నాము. లేతగా నున్నప్పుడు అది కూర; పూచిన పిమ్మట తంగేడుతో కలిసి బతుకమ్మ. తుమ్మికూరను తెలంగాణమున వినాయకచవితి నాడు విధిగా వండుదురు. చెరువుగట్టున పాకు పొన్నగంటికి సంస్కృతమున మత్స్యాక్షి యని పేరు. ‘పోయిన కంటి కూర’యే పొన్నగంటి కూర యైనదని జనులు చెప్పుకొందురు. గలిజేరు, పాయలకూర, ముళ్లతోటకూర, పులిచింత, ఎలుకచెవి కూర మొదలగువానిని చేర్చినచో ఈ పట్టిక చాల పెరుగును. ఉగాది పచ్చడిలోని వేపపూత గూడ ఎవరును పండించినది కాదు. చవితిపూజకు కావలసిన 21 పత్రులను వెదకుచు పిల్లలు చెట్టుచేమల పేళ్లు నేర్చుకొనుట మన పండుగలలో దాగియున్న పాఠశాల.

ఈ విద్యను ప్రధానముగా కాపాడినవారు స్త్రీలు. అందులోను కూలికి కలుపు తీయు స్త్రీలు. వారికి కలుపు తీయుటయు, కూర ఏరుటయు ఒక్క పనియే. చేనికి భారమైనది కొంగులో పడి ఇంటికి కూరగా వచ్చెడిది. ఇది గ్రుడ్డిగా దొరికినది కోయుట కాదు. గునుగును పూత రాకముందే గిల్లవలెను. తగిరిసను లేతాకుగా నున్నప్పుడే కోయవలెను. ముదిరిన పిమ్మట దాని వాసన సహింపరాదు. పుల్లని ఆకును పప్పులో వేయవలెను. చేదుగలదానిని ఉడికించి నీరు వార్చవలెను. ఏది, ఎప్పుడు, ఎంత, ఎట్లు అను ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము తల్లి చేతినుండి కూతురి చేతికి వచ్చినదే గాని, పుస్తకమునుండి వచ్చినది కాదు.

ఆకులకంటె పుట్టగొడుగుల కథ చిత్రమైనది. మనుస్మృతి వెల్లుల్లి, నీరుల్లులతోపాటు వీనిని ద్విజులకు నిషేధించినది. సుశ్రుతసంహిత మాత్రము గడ్డి, చెఱకు, పేడ, వెదురు, నేల అను తావులలో పుట్టు ఉద్భిదశాకములను వేర్వేఱుగా పేర్కొని వాని గుణములను చెప్పినది. ఒక శాస్త్రము వలదన్నది. ఒక శాస్త్రము పరీక్షించినది. పల్లెజనులలో పెక్కుమంది ఏ శాస్త్రమును అడుగక, తొలకరి ఉఱుములు వినబడగానే పుట్టలవైపు నడచిరి.

పుట్టపై లేచిన గొడుగు కనుక పుట్టగొడుగు. పేరులోనే పుట్టినిల్లు కలదు. చెదలు ఎండుటాకులను, కట్టెను నమలి, పుట్టలోపల తేనెపట్టువంటి గూళ్లు కట్టి, వానిపై ఒక జాతి బూజును తోటవలె పెంచును. ఆ బూజు కట్టెలోని పీచును మెత్తబఱచి చెదలకు ఆహారముగా మార్చును. వానలకు నేల నానినపుడు ఆ తోటనుండియే పొడవైన కాడ పైకి వచ్చి గొడుగు విప్పును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే హైమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసెస్ అని పేరిడెను; ‘చెదల బూజు’ అని దాని అర్థము. మన పూర్వులు పెట్టిన పేరు దీనికి ఎంతయో దూరము కాదు. 1943 నాటికే కోయంబత్తూరులో వరిగడ్డిపై వేఱొక జాతి పుట్టగొడుగులను పెంచు పద్ధతిని వివరించిరి. పుట్టపై లేచు జాతిని మాత్రము చెదల సహాయము లేక పంటగా పండించుట నేటికిని సాధ్యము కాలేదు. అది ఇంకను విత్తని పంటయే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. వెండి నల్లబడనిచో విషము లేదనుట, పురుగు తిన్నది మనకును మంచిదనుట, ఉడికించినచో విషము పోవుననుట, ఈ మూడును నమ్మరానివి. ప్రాణాంతకములైన కొన్ని జాతుల విషము ఎంత ఉడికించినను పోదు. తిన్న పిమ్మట 6 మొదలు 24 గంటల వఱకు బాధ పైకి తెలియకపోవచ్చును. తెలియునప్పటికి కాలేయము చెడుట ఆరంభమై యుండును. కనుక తెలిసిన పుట్టపై, తెలిసిన ఋతువున, తెలిసిన జాతిని మాత్రమే కోసిన పెద్దల కట్టుబాటు చాదస్తము కాదు, ప్రాణరక్షణ.

ఈ మొక్కల తెలుగు పేళ్లను శాస్త్రగ్రంథములకెక్కించినవారిలో విలియం రాక్స్‌బర్గు ముఖ్యుడు. ఆయన 1781 నుండి సామర్లకోటలో వసించి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెళ్లెను. 1795 నుండి వెలువడిన ఆయన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథమున మన ప్రాంతపు మొక్కల చిత్రములు కలవు. ఉత్తర సర్కారులలో 1789 మొదలు 1792 వఱకు సాగిన కరవును కన్నులార చూచిన ఆయన, వానలు లేనప్పుడును ఆదుకొను కొబ్బరి, తాటి, పనస వంటి చెట్లను విరివిగా నాటింపవలెనని ప్రభుత్వమునకు సూచించెను. ఆ తరువాత వాల్టర్ ఇలియట్ దొర 1859లో మదరాసున ‘ఫ్లోరా ఆంధ్రికా’ అను పేర తెలుగు మొక్కల పేళ్ల పట్టికను ప్రకటించెను. పుస్తకముపై పేరు దొరది. లోపలి పేళ్లు పల్లెజనులవి.

కరవులలో ఈ ఆహారము జనులను కాపాడెనా? కొంతవఱకే యని ఒప్పుకొనవలెను. 1832–33 నందన నామ సంవత్సరపు కరవున గుంటూరు మండలములో లక్షకు మించి జనులు మరణించిరి. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో మొదలై 1878 వఱకు సాగిన మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతములు శ్మశానములైనవి. వానలే లేనప్పుడు కలుపు మాత్రము ఎక్కడ మొలచును? మొలచినను, ఆకు ఒంటికి కావలసిన సత్తువనంతయు ఇయ్యజాలదు. 1877లో సర్ రిచర్డు టెంపుల్ సహాయపు పనులలోని మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయింపగా, మదరాసు పారిశుద్ధ్య కమిషనరు కార్నిష్ తీవ్రముగా ఆక్షేపించెను. ధాన్యమొక్కటియే మనిషిని నిలుపజాలదు, ఆకొక్కటియు నిలుపజాలదు. రెండును కలిసినప్పుడే అది రాయలు చెప్పిన భోజనము.

అడవిలో ఈ విద్య మఱింత లోతైనది. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పండితుడు నల్లమల చెంచులను గూర్చి 1943లోను, గోదావరి కొండల రెడ్లను గూర్చి 1945లోను గ్రంథములు ప్రకటించెను. మొనకు ఇనుము తొడిగిన త్రవ్వుకోలతో దుంపలు త్రవ్వి, ఇప్పపూవు ఏరి, ఏనాటికానాడు తెచ్చుకొను చెంచుల జీవితమును అందు చూడవచ్చును. కొండరెడ్లు కొఱత కాలమున జీలుగుచెట్టు దూటనుండి పిండి తీసి జావ కాచుకొందురు. మామిడి టెంకలోని జీడిని నానబెట్టి దంచి అంబలి చేయుట ఏజెన్సీ ప్రాంతమున ప్రసిద్ధము. విషముగల దుంపను సన్నగా తరిగి, పారు నీటిలో ఉంచి, విషము పోగొట్టి తినుట వారి రసాయనశాస్త్రము.

ఈ విద్యకు అడ్డుగోడ చట్టరూపమున వచ్చినది. 1882 నాటి మదరాసు అటవీచట్టము విశాలమైన అడవులను ప్రభుత్వ రక్షితములుగా చేసినది. నాటివఱకు హక్కుగా నున్నది నేరమో, అధికారి దయయో అయినది. 1921–22లో పల్నాటి రైతులు పుల్లరిపై తిరుగబడుటకును, 1922 నుండి 1924 వఱకు సాగిన మన్యపు తిరుగుబాటునకును ఈ అటవీ నిర్బంధములు ఒక కారణము. 2006 నాటి అటవీహక్కుల చట్టము తేనె, వెదురు, దుంపలు, వేళ్లు మొదలగు చిల్లర అటవీఫలములపై గిరిజనులకును, తరతరములుగా అడవిపై ఆధారపడిన ఇతరులకును యాజమాన్యపు హక్కును గుర్తించినది. పోయిన హక్కు కాగితముపై మరలుటకు 124 సంవత్సరములు పట్టినది.

మైదానమున అపాయము వేఱు రూపమున వచ్చినది. కలుపు మందు చల్లిన చేనిలో గునుగుకును, గడ్డికిని భేదము లేదు, రెండును మాడిపోవును. మందు చల్లిన గట్టునుండి ఆకు కోయుటయు ప్రమాదమే. రైతును నిందించుట న్యాయము కాదు. కూలి దొరకనప్పుడు, అప్పు తఱుముచున్నప్పుడు అతనికి మందే సులభము. కాని నష్టమేమో తెలిసికొనుట మంచిది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార సంస్థ పొన్నగంటి వంటి ఆకులలోని పోషకముల లెక్కలను ప్రకటించి, పెద్దల అనుభవమును చాలవఱకు సమర్థించినది. జహీరాబాదు చెంతనున్న పస్తాపూరు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీ, 1983 నుండి, పేద దళిత స్త్రీల సంఘములతో కలిసి, చిరుధాన్యముల చేలలో తామై మొలచు కూరలకు మరల గౌరవము తెచ్చుటకు పాటుపడినది. ఆ సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించుట తెలుగువారికి గర్వకారణము.

ఒక మొక్క పేరు మఱచినచో దానిని చూచుట మానుదుము. చూచుట మానినచో అది పోయినదని గూడ తెలియదు. ఇలియట్ దొర పట్టికలోని పేళ్లలో నేటి మన పిల్లలు ఎన్నింటిని గుర్తింపగలరు? ఈ ప్రశ్నకు సమాధానము మన గ్రంథాలయము చేతిలో కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా గాక, పల్లెకు విద్యాకేంద్రముగా భావించిరి. ఆ భావము ననుసరించి మన గ్రంథాలయము ఒక పని చేయవలెనని నా మనవి. ఊరిలోని వృద్ధస్త్రీలను సగౌరవముగా ఆహ్వానించి, వారెఱిగిన ప్రతి కూర పేరును, మొలచు తావును, కోయు వేళను, వండు విధమును వారి మాటలలోనే వ్రాయించి, ఆకును ఎండబెట్టి ప్రక్కన అతికించి, ఒక పుస్తకము చేయవలెను. చెప్పిన ప్రతి స్త్రీ పేరును, ఆమె సమ్మతితో, ఆ పుటపై ఉండవలెను. చదువు రానివారు చదువుకొన్నవారికి ఇచ్చు గ్రంథమది. మన అలమరలలో అట్టి గ్రంథము ఇంకను లేదు. స్వర్ణోత్సవము నాటికి అది చిరిగిపోవునంతగా చదువబడిన పుస్తకము కావలెనని కోరుచున్నాను.