మా ఊరి కొలిమి

పినపాక దిక్కు జానంపేటలో రాతిపలకల సమాధులున్నాయి. మనం రాక్షసగుళ్లంటాం. తెలంగాణలో ఇలాంటి సమాధుల్లో ఇనుప కత్తులు, గొడ్డళ్లు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందటే ఈ నేలమీద కొలిమి మండిందన్నమాట. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులే వచ్చేవారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. భద్రాచలం అప్పుడు మద్రాసు కిందే. రిజర్వు అడవిలో బొగ్గు కాల్చడం నేరమైంది. కొలిమికి తిండి బొగ్గే కదా!

అయినా నా చిన్నప్పుడు మా ఊళ్లో కొలిమి ఉండేది. తాత పాత లారీ కమాన్ పట్టీ ముక్క తెస్తే కమ్మరి మామ కత్తి చేసేవాడు. కూలి జొన్నలు. తిత్తి కొట్టడం పిల్లల పని. ఇనుము మోదుగుపువ్వు రంగుకొస్తే సుత్తి దెబ్బలు. సాగగొట్టాక మళ్లీ కాల్చి, అంచు మాత్రమే నీళ్లలో ముంచేవాడు. మొత్తం ముంచితే పెళుసై విరుగుతుంది. వెనుక మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతుంది. అక్కడ ఎండుగడ్డి రంగు కనబడగానే మళ్లీ నీళ్లు. ఆ క్షణం దాటితే పదును పోయినట్టే. ఈ లెక్క ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇప్పుడు వెదురుకైనా, పోడుకైనా సంతలో కొన్న కత్తే. మామ పోయాక తిత్తి మా ఇంటికొచ్చింది. మొన్న బడికి తీసుకెళ్లి చూపించాను. “ఇది ఏ వాయిద్యం సార్?” అని అడిగారు పిల్లలు.