రెక్కల తూకం

కోలారు, హోసూరు, హిందూపురం ప్రాంతాల నుంచి బెంగుళూరు వెళ్ళివచ్చే మీకు అక్కడి విమాన కర్మాగారం కొత్త కాదు. వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో మైసూరు ప్రభుత్వ సహకారంతో దాన్ని స్థాపించారు. 1943 నుంచి యుద్ధం ముగిసేదాకా అది అమెరికా సైన్యం చేతిలో, విమానాలనూ ఇంజన్లనూ బాగుచేసే కేంద్రంగా నడిచింది.

యుద్ధం ముగిశాక లిబరేటర్ బాంబర్లు ఎన్నింటినో కాన్పూరులో పనికిరానివిగా వదిలేసి వెళ్ళారు. స్వతంత్రం వచ్చిన కొత్తలో మనకు బాంబర్లు కావాలి. కొనే స్తోమత అంతంత మాత్రం. బెంగుళూరు పనివారు కాన్పూరు వెళ్ళి, వాటిలో కొన్నిటిని ఎగరగలిగేంత వరకు సరిచేశారు. జంషెడ్ మున్షీ అనే పైలట్ వాటిని బెంగుళూరుకు నడిపి తెచ్చారు. అక్కడ పూర్తిగా బాగుపడి, 1948లో మన వాయుసేనలో చేరాయి. 1968 దాకా సేవ చేశాయి.

లిబరేటర్‌కు నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు 14 సిలిండర్లు, మూడు రెక్కల ప్రొపెల్లరు. బాగుచేసిన ఇంజను బిగించగానే పని తీరిందనుకోకండి. ప్రొపెల్లరు తూకం సరిగా ఉండాలి. ఇరుసుకు ఒక మీటరు దూరంలో 10 గ్రాములు ఎక్కువైందనుకుందాం. నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు ఆ చిటికెడు బరువే సుమారు 16 కిలోల బలంతో ఇంజనును లాగుతుంది. ప్రతి చుట్టుకీ దిక్కు మార్చి లాగుతుంది. ఆ అదురుకు బోల్టులు వదులవుతాయి, లోహం బీటలు వారుతుంది.

మరి తూకం ఎలా చూస్తారు? గాలి వీచని గదిలో, ప్రొపెల్లరు నడిమి రంధ్రంలో ఇరుసు దూర్చి, నున్నని రెండు ఉక్కు అంచులమీద నిలుపుతారు. బరువైన రెక్క తనంతట తానే కిందికి దిగుతుంది. అప్పుడు తేలికవైపు కాస్త సీసం చేరుస్తారు. ఎలా వదిలితే అలాగే కదలక నిలిచేదాకా ఈ పని సాగుతుంది. బిగించాక రెక్కల కొనలన్నీ ఒకే దారిన తిరుగుతున్నాయా అని చూస్తారు. ఇప్పుడైతే ఇంజను నడుస్తుండగానే అదురును కొలిచే పరికరాలు వచ్చాయి.

బండి చక్రం వంకర పోతే ఎద్దులను ఆపి దిగి చూసుకుంటాం. ఆకాశంలో దిగి చూసే వీలు లేదు. పైలట్ ప్రాణం, నేలమీద తూకం చూసిన ఆ పనివాడి ఓపికలోనే ఉంది. ఈసారి ఆ కర్మాగారం పక్కగా వెళ్ళేటప్పుడు, పేరు తెలియని ఆ చేతులను ఒక్కసారి తలచుకోండి.