సీతమ్మగారి పొయ్యి, రాజుగారి కుర్చీ

2024లో సర్కారు బడుల మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన దగ్గర్నుంచి మా ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు పెరిగారు. రావడం మంచిదే. కాకపోతే సగం మంది పి. గన్నవరం సెంటర్లో దిగి, అదే ఆవిడ ఊరనుకుని వాకబు చేస్తారు. అది మండల కేంద్రం. ఆవిడ కాపురం చేసింది, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టింది మా లంకల గన్నవరంలో. వచ్చిన అందరికీ ఈ సంగతి చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది కాబట్టి ముందే రాసి పెడుతున్నాను.

దారి తెలిసి ఊళ్ళోకి వచ్చాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “ఆ కుర్చీ సంగతి నిజమేనాండీ?”

ఆ కథ తెలియనివాళ్ళు గోదావరి జిల్లాల్లో ఉండరు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి సీతమ్మగారిని రమ్మని పిలుపు వచ్చిందట. నేను కదిలితే వచ్చినవాళ్ళకు ఎవరు పెడతారని ఆవిడ రానన్నారట. పోనీ ఫోటో అయినా పంపమన్నారట. ఆ ఫోటోను ఎదురుగా కుర్చీలో పెట్టించి, దానికి నమస్కారం చేశాకే రాజుగారు సింహాసనం మీద కూర్చున్నాడట. ఇది లండన్‌లో జరిగిందని కొందరు, ఢిల్లీలో అని కొందరు. కుర్చీ అని ఒకరు, సోఫా అని ఇంకొకరు. వేదిక మీద మాట్లాడేవాళ్ళ చేతిలో పడితే రాజుగారి కళ్ళ వెంట నీళ్ళు కూడా కారతాయి.

ఇందులో కాగితం ఉన్న ముక్క ఒక్కటే ఉంది. 1903 జనవరి 1 తేదీతో, మద్రాసు గవర్నరు పేరు మీద వచ్చిన యోగ్యతా పత్రం. ఢిల్లీలో జరిగే పట్టాభిషేక దర్బారు సందర్భంగా, చక్రవర్తి పేరిట, లంకల గన్నవరం వాస్తవ్యుడు జోగన్న భార్య డొక్కా సీతమ్మగారికి, ఆవిడ బీదలకు చేసిన ధర్మానికి గుర్తింపుగా ఇస్తున్నట్టు అందులో ఉంది. అప్పటి గవర్నరు ఆంప్ట్‌హిల్ ప్రభువు. మా ఊరి పేరు, ఆవిడ పేరు ఒకే కాగితం మీద అచ్చయి ఉన్నాయి కాబట్టి నాకు ఇది శిలాశాసనంతో సమానం.

ఇప్పుడు తేదీలు చూడండి. ఎడ్వర్డు పట్టాభిషేకం 1902 జూన్ 26న జరగాల్సింది. రెండు రోజుల ముందు ఆయనకు కడుపులో ఆపరేషన్ అవడంతో ఆగస్టు 9కి వాయిదా పడింది. జరిగింది లండన్‌లో, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో. ఆ తర్వాత వైస్రాయి కర్జన్ ప్రభువు ఢిల్లీలో దర్బారు చేశాడు. దానికి రాజుగారు రానే లేదు. తమ్ముడు కన్నాట్ డ్యూకును పంపాడు. ఢిల్లీలో రాజుగారు లేనప్పుడు ఆయన ఎవరి ఫోటోకి ఎలా నమస్కరిస్తాడు? సరే, లండన్ అనుకుందాం. అలాంటప్పుడు చేతిలో ఉన్న పత్రం ఢిల్లీ దర్బారు పేరు ఎందుకు చెబుతుంది? కుర్చీ కథ రాసినవాళ్ళలో చాలామంది ఈ పత్రాన్ని కూడా అదే వ్యాసంలో అచ్చువేశారు. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే పట్టుబడే సంగతే ఇది. ఆ దర్బారు నాడు ఇలాంటి పత్రాలు దేశమంతటా చాలామందికి ఇచ్చారు. అందువల్ల సీతమ్మగారి గౌరవం వీసమెత్తు తగ్గదు. రాజుగారి నమస్కారం లేకపోతే ఆవిడ పెట్టిన అన్నం అన్నం కాకుండా పోతుందా? తెల్లదొర దండం పెడితేగాని మనమ్మ గొప్పది కాదనుకోవడం నాకు మొదట్నుంచీ గిట్టదు.

ఫోటో సంగతిని మాత్రం నేను కొట్టిపారెయ్యను. ఎందుకంటే మా వైపు చెప్పే వరుసలో కుర్చీ కంటే బాగున్న ముక్క ఒకటుంది. ఫోటో తీయించుకోవడానికి ఆవిడ ససేమిరా అన్నారట. వచ్చిన ఉద్యోగి, “ఫోటో పట్టుకెళ్ళకపోతే నా ఉద్యోగం ఊడుతుందమ్మా” అని బతిమాలుకుంటే, ఒకరి కూడు పోతుందని ఒప్పుకున్నారట. ఇదీ కాగితం లేని మాటే. కానీ కుర్చీ కథలో పెద్దవాడు రాజు, ఇందులో పెద్దది ఆవిడ. పిల్లలకు చెప్పదలిస్తే ఇది చెప్పండి.

ఇక మండపేట వాళ్ళ వాదన. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు, కాబట్టి మా ఆడపడుచు అంటారు. పుట్టడం నిజం. తండ్రి అనుప్పిండి భవానీశంకరంగారు వచ్చినవాళ్ళకల్లా అన్నం పెడుతూ ‘బువ్వన్న’ అనిపించుకున్నారన్నదీ నిజమే. జోగన్నగారు ఆ ఇంటికి అతిథిగా వెళ్ళి, ఆ పిల్ల చేసిన మర్యాద చూసే సంబంధం అడిగారని చెబుతారు. అంటే అన్నం పెట్టే అలవాటు పుట్టింటి సారెతో పాటు వచ్చిందని ఒప్పుకోవాల్సిందే. కానీ మండపేట మెరక. దారులున్న ఊరు. అక్కడ ఒక పూట పెట్టడం వేరు, మా లంకల్లో ఏళ్ళ తరబడి పెట్టడం వేరు. ఇది ఊరి అభిమానంతో అంటున్నాననుకుంటే అనుకోండి.

మా వైపు భూమి చూస్తేనే ఈ మాట అర్థమవుతుంది. బోడసకుర్రు వంతెన, చించినాడ వంతెన నిన్న మొన్నటివి. అంతకు ముందు రాజోలు పోవాలన్నా, అంతర్వేది తీర్థానికి వెళ్ళాలన్నా రేవులు దాటాలి. పొద్దుగూకితే నావ కట్టేసేవాళ్ళు. వరదొస్తే రోజుల తరబడి ఇవతలి ఒడ్డునే పడి ఉండాలి. పూటకూళ్ళిల్లు లేని చోట, చీకటి పడ్డాక, చంటిపిల్లలతో దిగినవాళ్ళకు తలుపు తీసే ఇల్లు ఒకటుందని తెలియడం ఎంత పెద్ద ధీమా! భీష్మ ఏకాదశి కల్యాణానికి అంతర్వేది బయలుదేరిన సీతమ్మగారు, దారిలో ఆకలితో నడుస్తున్న ఒక కుటుంబం “సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తోంది, ఇంకాస్త ఓర్చుకోండి” అని పిల్లలను ఊరుకోబెట్టడం విని పల్లకీ వెనక్కి తిప్పించారని కదా కథ! స్వామిని చూడకుండా వచ్చేశారని అందరూ మెచ్చుకుంటారు. నాకు అందులో ఆ తల్లిదండ్రుల నమ్మకం ముఖ్యం. ఇంట్లో ఆవిడ ఉన్నారో లేదో వాళ్ళకు తెలియదు. అన్నం మాత్రం ఉంటుందని తెలుసు.

ఆ అన్నం ఎక్కడి నుంచి వచ్చింది? అన్నపూర్ణ అవతారమని రాసేస్తే ఈ ప్రశ్న వెయ్యక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పటికి సీతమ్మగారు పదకొండేళ్ళ పిల్ల. ఆ వెనకే వైనతేయ పాయ మీద 49 కమాన్లతో అక్విడెక్టు కట్టి అవతలి లంకకు కాలువ నీళ్ళు దాటించారు. ఇప్పుడు పక్కన ఉన్న కొత్త అక్విడెక్టుకు ఆవిడ పేరే పెట్టారు, అది తగిన పనే. 1876లో మొదలైన ధాత కరువు రాయలసీమను, మద్రాసు రాజధానిలో సగాన్ని పీల్చేసినప్పుడు గోదావరి డెల్టా బియ్యం బయటికి పంపింది. జోగన్నగారివి ఆ ఆనకట్ట కాలువల కింద పండే భూములు. గాదెలో ధాన్యం ఉంటేనే చెయ్యి పెద్దదవుతుంది. అయితే గాదెలు నిండిన మోతుబరులు ఆ రోజుల్లో కోనసీమలో ఇంకా బోలెడుమంది ఉన్నారు. వాళ్ళలో ఎందరి ఇంటి తలుపు అర్ధరాత్రి తెరుచుకుంది?

ఇంతవరకూ రాసినవాళ్ళ మీద నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఆ రోజుల్లో ఊళ్ళో బియ్యం మిల్లు లేదు. ప్రతి గింజా రోట్లో దంపి, చేటలో చెరిగి, పొయ్యి ఎక్కాల్సిందే. వందల విస్తళ్ళు లేచే ఇంట్లో గాడిపొయ్యి తవ్వినవాళ్ళు, కట్టెలు కొట్టినవాళ్ళు, గుండిగ దించి గంజి వార్చినవాళ్ళు, అరిటాకులు కోసుకొచ్చినవాళ్ళు, ఎంగిలాకులు తీసినవాళ్ళు ఎంతమంది ఉండాలి! ఒక్క పేరు దాచుకోలేదు మనం. జోగన్నగారి పేరైనా పత్రం పుణ్యమా అని మిగిలింది. ఆస్తి తరుగుతున్నా వద్దనని మనిషి ఆయన. సీతమ్మగారిని దేవతను చేసేసి, మనం మనుషులం, మన వల్ల ఎక్కడవుతుంది అని తప్పుకున్నాం.

నిజానికి పదిమంది కోసం తనది వదులుకునే గుణం ఆవిడతో పోలేదు. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్ళకు తెలుసు. కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు పచ్చటి వరిచేలల్లోంచే వెళతాయి, కౌశిక నది దాటి వస్తాయి. చేను తొక్కారని ఏ రైతూ కేకలెయ్యడు. 1986 ఆగస్టు వరదలో లంకల జనం ఏటిగట్టు మీదికి చేరినప్పుడు, 1996 నవంబరు తుఫానులో కొబ్బరిచెట్లు కూలి దారులు మూసుకుపోయినప్పుడు, పొయ్యి వెలిగిన ఇల్లు ఊరందరిదీ అయింది. సర్కారు బియ్యం వచ్చేసరికి పొరుగింటి బియ్యం సగం అయిపోయాయి. ఆ రోజుల్లో వండినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళను ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు, కుర్చీ కథ లేదు కదా!

సీతమ్మగారు 1909 ఏప్రిల్ 28న పోయారు. ఇవాళ ఆవిడ పేరు మీద రోజూ బడుల్లో వంట చేసేది మన వీధుల ఆడవాళ్ళే. వాళ్ళ గౌరవ వేతనం 2019లో పెంచాక కూడా నెలకు 3,000 రూపాయలే. పేరు పెద్దావిడది పెట్టినప్పుడు పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళను పస్తు పెట్టకూడదు.

అందుకని మన మండలంలో వాళ్ళకు ఒక మనవి. మీ బడి గోడ మీద సీతమ్మగారి బొమ్మ వేయించేటప్పుడు, కింద ఆ బడిలో వంట చేసేవాళ్ళ పేర్లు కూడా, వాళ్ళను అడిగి, రాయించండి. మీ ఇళ్ళలో పాత ఉత్తరాలు, ధాన్యం లెక్కల పుస్తకాలు, సీతమ్మగారి ఇంట్లో పనిచేసిన పెద్దవాళ్ళ కబుర్లు ఏమున్నా నాకు చెప్పండి, వచ్చి రాసుకుంటాను. మా ఊరి బడి గోడకు రంగు డబ్బాలు నేను కొంటాను.