మరణ ధ్రువపత్రంలో గాలి పేరు: లండన్‌లో ఒక రోడ్డు, ఒక పాప, ఒక తల్లి

ఈ ఎపిసోడ్‌లో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక రోడ్డు చరిత్ర చెప్తాను. దాని పేరు సౌత్ సర్క్యులర్, లండన్‌కి దక్షిణం వైపు ఉంటుంది. ఆ రోడ్డుకి 25 మీటర్ల దూరంలో ఉన్న ఇంట్లో పెరిగిన ఒక పాప తొమ్మిదేళ్లకే చనిపోయింది. ఏడేళ్లు దాటాక, 2020 డిసెంబరు 16న, ఆ మరణానికి కారణాల్లో వాయు కాలుష్యం ఒకటని అధికారికంగా తేల్చారు. బ్రిటన్‌లో ఒక మనిషి మరణం విషయంలో అలా రాయడం అదే మొదటిసారి.

కాలుష్యం వల్ల ఏటా లక్షల మంది పోతున్నారని మనం వార్తల్లో చూస్తూనే ఉంటాం. చూసి స్క్రోల్ చేసేస్తాం. ఆ లక్షల్లో ఒక్కరి పేరు కూడా మనకి తెలీదు కదా. ఇక్కడ పేరుంది. ఎల్లా అడూ కిస్సీ డెబ్రా. ఆ పేరు రికార్డుల్లోకి ఎలా ఎక్కింది, ఎక్కాక ఆ పేటలో ఏం మారింది అన్నదే ఈ రోజు మన కథ.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ని బొగ్గు పొగ కమ్మేసింది. కొన్ని చోట్ల బస్సు ముందు మనిషి దీపం పట్టుకుని నడిస్తే తప్ప బస్సు కదల్లేదు. దాదాపు 4,000 మంది చనిపోయారని అప్పటి లెక్క. 12,000 దాకా ఉండొచ్చని తర్వాతి పరిశోధకులు అన్నారు. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం తెచ్చారు. పొగ వచ్చే బొగ్గు కాల్చకూడని ప్రాంతాలు ఏర్పాటు చేశారు. క్రమంగా ఆకాశం తేటపడింది. ఇంకేం, గాలి బాగుపడిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ అదే కాలంలో రోడ్ల మీద కార్లు పెరుగుతూ వచ్చాయి. బొగ్గు పొగ కంటికి కనిపించేది. బండి పొగలో అసలు ప్రమాదం చేసేవి కంటికి ఆనవు.

అవేంటో రెండు ముక్కల్లో చెప్తాను. ఒకటి నైట్రోజన్ డయాక్సైడ్. ఇంజిన్ వేడికి పుట్టే వాయువు, ఊపిరి గొట్టాలను రేపుతుంది. రెండోది పీఎం 2.5, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతుండే నలుసులు. ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వెంటనే ఏమీ తెలియకపోవచ్చు. ఆస్తమా ఉన్న పిల్లలకి మాత్రం అది ప్రాణం మీదికి రావచ్చు.

2001లో బ్రిటన్ ప్రభుత్వం కార్ల పన్ను పద్ధతి మార్చింది. ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలితే అంత పన్ను. ఉద్దేశం మంచిదే, వాతావరణ మార్పును తగ్గించాలని. లీటరుకి ఎక్కువ దూరం పోయేది డీజిల్ కారు కాబట్టి దానికి పన్ను తగ్గింది. 2000లో అమ్ముడైన కొత్త కార్లలో డీజిల్‌వి 14 శాతం. 2012 వచ్చేసరికి సగం అవే. కానీ డీజిల్ ఇంజిన్ నైట్రోజన్ ఆక్సైడ్లను చాలా ఎక్కువగా వదులుతుంది. పరీక్షలో ఒక లెక్క, రోడ్డు మీద ఇంకో లెక్క. 2015లో ఫోక్స్‌వ్యాగన్ మోసం బయటపడినప్పుడు ప్రపంచానికి తెలిసింది ఇదే.

ఇప్పుడు సౌత్ సర్క్యులర్ దగ్గరికి వద్దాం. మన హైదరాబాద్ ఓఆర్ఆర్ లాంటి రోడ్డు అనుకోకండి. చాలా మటుకు అప్పటికే ఉన్న పేట వీధులను ఒకదానికొకటి కలిపి, బోర్డులు పెట్టి, రింగ్ రోడ్డు అన్నారు. ఇళ్లు, బడులు, దుకాణాల మధ్య నుంచే లారీలు, బస్సులు, కార్లు ఆగుతూ కదులుతూ పోతాయి. లూయిషమ్ అనే ప్రాంతంలో ఆ రోడ్డు పక్కనే ఎల్లా వాళ్ల ఇల్లు.

ఎల్లా 2004 జనవరిలో పుట్టింది. ఈత, జిమ్నాస్టిక్స్, సంగీతం అంటే ఇష్టపడే పిల్ల. ఏడేళ్లు నిండకముందే, 2010లో, దగ్గు మొదలైంది. అది తీవ్రమైన ఆస్తమాగా మారింది. దగ్గు తెర వస్తే స్పృహ తప్పిపోయేది. మూడేళ్లు తిరక్కుండానే ముప్పయ్యో, దానికి కాస్త తక్కువో సార్లు ఆసుపత్రిలో చేరింది. 2013 ఫిబ్రవరి 15న చనిపోయింది. 2014లో జరిగిన మొదటి విచారణ, తీవ్ర శ్వాస వైఫల్యం అని రాసి ముగించింది. గాలి సంగతి అందులో లేదు.

వాళ్ల అమ్మ రోజమండ్, టీచర్. పాప బతికున్నంత కాలం ఆమెకి డాక్టర్లు మందులు చెప్పారు, పరీక్షలు చేశారు. ఇంటి బయట గాలి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధగా అనిపించేది ఇక్కడే. ఎందుకంటే వివరాలు ఎక్కడో దాచిపెట్టి లేవు. ఇంటికి మైలు దూరంలో క్యాట్‌ఫర్డ్‌లో గాలిని కొలిచే యంత్రం ఉంది. అది గంటగంటకీ అంకెలు నమోదు చేస్తూనే ఉంది. ఆసుపత్రిలో పాప చేరిన ప్రతి తేదీ కూడా నమోదై ఉంది. ఈ రెండు జాబితాలనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే లేరు.

ఆ పని చేసింది ప్రొఫెసర్ స్టీఫెన్ హోల్‌గేట్, సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఆస్తమా నిపుణుడు. ఆస్తమాకి సవాలక్ష కారణాలుంటాయి, ఈ పాపకి రోడ్డే కారణమని ఎలా చెప్తారు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆయన తేదీలు చూశారు. ఎల్లా ఆసుపత్రిలో చేరిన రోజులకీ, కాలుష్యం పెరిగిన రోజులకీ బలమైన పోలిక కనిపించింది. 2018లో ఆయన నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 2019 మేలో హైకోర్టు పాత విచారణ తీర్పును కొట్టేసి, కొత్త విచారణకి ఆదేశించింది.

బ్రిటన్‌లో కరోనర్ అనే అధికారి మరణానికి కారణం ఏంటో తేలుస్తారు. శిక్ష వేయడం ఆయన పని కాదు. ఫిలిప్ బార్లో అనే కరోనర్ 2020 డిసెంబరులో రెండు వారాల విచారణ తర్వాత మూడు సంగతులు తేల్చారు. ఒకటి, ఎల్లా మరణంలో వాయు కాలుష్యానికి గట్టి పాత్ర ఉంది, అది ప్రధానంగా వాహనాల నుంచి వచ్చింది. రెండు, నైట్రోజన్ డయాక్సైడ్‌ని చట్టం చెప్పిన పరిమితికి తగ్గించడంలో వైఫల్యం జరిగింది. మూడు, తల్లికి ఈ ప్రమాదం గురించి చెప్పలేదు, చెప్పి ఉంటే మరణాన్ని ఆపగలిగే జాగ్రత్తలు ఆమె తీసుకునేది.

సరే, తీర్పు వచ్చింది. మరి వీధి మారిందా?

లండన్‌లో 2019 ఏప్రిల్ 8 నుంచే యూలెజ్ అనే పథకం ఉంది. పాత డీజిల్, పాత పెట్రోల్ బండి ఆ ప్రాంతంలోకి తెస్తే రోజుకి 12.50 పౌండ్లు కట్టాలి. మొదట నగరం నడిబొడ్డుకే పరిమితం. 2021 అక్టోబరు 25న సౌత్ సర్క్యులర్ దాకా పెంచారు. దాకా అంటే నిజంగా దాకానే. ఆ రోడ్డే సరిహద్దు గీత, రోడ్డు మాత్రం లెక్కలో లేదు. ఎల్లా ఇంటి పక్క నుంచి పాత డీజిల్ బండి ఒక్క పెన్నీ కట్టకుండా ఇంకా వెళ్లిపోవచ్చు. ఆ రోడ్డు కూడా పథకంలోకి వచ్చింది 2023 ఆగస్టు 29న, లండన్ మొత్తానికి విస్తరించినప్పుడు.

అదీ తేలిగ్గా జరగలేదు. పాత వ్యాను మీదే బతికే ప్లంబరు, రాత్రి డ్యూటీ నర్సు రోజుకి అంత డబ్బు ఎక్కడ తెస్తారు? ఆ కోపం నిజమైనది. నాలుగు లండన్ కౌన్సిళ్లు, పక్కనున్న సర్రే కౌన్సిల్ కలిసి కోర్టుకెళ్లి ఓడిపోయాయి. 2023 జూలైలో అక్స్‌బ్రిడ్జ్ ఉప ఎన్నికలో లేబర్ పార్టీ 495 ఓట్లతో ఓడిపోతే, యూలెజ్ వల్లే అన్నారు. కొందరు రాత్రిపూట కెమెరాల తీగలు కోసేశారు. పాత బండి వదిలేస్తే డబ్బిచ్చే పథకాన్ని మేయర్ సాదిఖ్ ఖాన్ పెంచుకుంటూ పోవాల్సి వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, ఆ సాయం మొదటి రోజు నుంచే గట్టిగా ఉంటే సగం గొడవ ఉండేది కాదు. గాలి బాగుచేసే ఖర్చు పేదవాడి జేబులోంచే ముందు తీస్తే, పేదవాడు ఆ పథకాన్ని ఎందుకు సమర్థిస్తాడు?

ఫలితం మాత్రం కనిపించింది. 2023 మొదట్లో నగర యంత్రాంగం ఇచ్చిన నివేదిక ప్రకారం, పథకం లేకపోతే ఉండే స్థాయితో పోలిస్తే, రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ నడిబొడ్డులో 46 శాతం, దాని చుట్టుపక్కల 21 శాతం తక్కువ. 2024 అక్టోబరులో ప్రభుత్వం రోజమండ్‌తో కేసు పరిష్కరించుకుంది, క్షమాపణ కూడా చెప్పింది. పీఎం 2.5 విషయంలో మాత్రం ఇంకా చాలా దూరం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదంటోంది. ఇంగ్లండ్ చట్టం పెట్టుకున్న లక్ష్యం 2040 నాటికి 10.

మన దేశంలో ఏడాది సగటు పరిమితి 40. కేంద్రం 2019లో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఉన్నాయి. సనత్‌నగర్‌లో, జూపార్క్ దగ్గర, పటాన్‌చెరులో గాలిని కొలిచే కేంద్రాలున్నాయి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో ఆ అంకెలు మీ ఫోన్‌లోనే చూడొచ్చు. అంటే క్యాట్‌ఫర్డ్‌లో ఉన్నట్టే మన దగ్గరా మొదటి జాబితా సిద్ధంగా ఉంది.

రెండో జాబితా మనం రాసుకోవాలి. మీ ఇంట్లో ఆస్తమా ఉన్న చెల్లో, తాతయ్యో ఉంటే, ఆయాసం వచ్చిన ప్రతి రోజూ తేదీ, ఆ రోజు అంకె ఫోన్‌లో నోట్ చేయండి. రెండు నెలలు చేసి డాక్టరుకి చూపించండి, గాలి గురించి మీరే అడగండి. అంకె ఎక్కువున్న రోజు బడికి మెయిన్ రోడ్డు మీదుగా కాకుండా లోపలి సందుల్లోంచి తీసుకెళ్లండి. రోజమండ్‌కి ఈ మాట చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. మీకు తెలిసింది కాబట్టి, అవసరమున్న ఇంకో ఇంటికి చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.